బిల్లింగ్ కౌంటర్ దగ్గర అప్పు అమ్మనివ్వకూడదు

ఆషాఢం సేల్‌కో, దసరా బట్టలకో మాల్‌కు వెళ్లినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. బిల్లింగ్ కౌంటర్‌కు కాస్త ముందు, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక కుర్రాడో అమ్మాయో ఆపుతారు. "సార్, మా స్టోర్ కార్డు తీసుకోండి, లైఫ్‌టైమ్ ఫ్రీ. వోచర్ కూడా వస్తుంది. ఊరికే నంబర్ చెప్పండి, ఎలిజిబిలిటీ చూస్తాను" అంటారు. పిల్లలు ఇంటికి పోదామని విసిగిస్తుంటారు, వెనక క్యూ పెరుగుతుంటుంది. ఫోన్ నంబరు, పాన్ నంబరు, ఓటీపీ చెప్పేస్తే అప్లికేషన్ వెళ్లిపోతుంది.

చొక్కా కొనడానికి వచ్చిన మనిషికి అక్కడ అప్పు అమ్ముతున్నారు. ఆ పని ఆ చోట జరగకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన దేశంలో ఇలా అమ్మే కార్డుల్లో ఎక్కువ భాగం కో-బ్రాండెడ్. అంటే కార్డు బ్యాంకుదో కార్డు కంపెనీదో, దాని మీద దుకాణం పేరు కూడా ఉంటుంది. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు 2018లో, ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డు 2019లో, రిలయన్స్ ఎస్‌బీఐ కార్డు 2023లో వచ్చాయి. ఇలాంటి కార్డుల్లో దుకాణం పాత్ర ప్రచారం, పంపిణీ, తన సరుకుల మీద ఆఫర్ల వరకే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆదేశాల్లో స్పష్టంగా చెప్పింది. కానీ కొనేవాళ్లకు కనిపించేది దుకాణమే. ఏళ్లుగా బట్టలు కొంటున్న చోటు కాబట్టి నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం మీదే కార్డు చేతికొస్తుంది, బాకీ మాత్రం బ్యాంకుకు కట్టాలి.

లెక్క చూద్దాం. ఆరు వేల బిల్లు మీద పది శాతం తగ్గింపు వచ్చిందనుకుంటే మిగిలేది 600 రూపాయలు. అదే కార్డు మీద 20,000 బాకీ ఒక నెల నిలిచిపోయిందనుకోండి. చాలా కార్డుల షరతుల్లో వడ్డీ నెలకు 3.75 శాతం దాకా ఉంటుంది. అంటే వడ్డీ 750, దాని మీద 18 శాతం జీఎస్టీ 135, మొత్తం 885 రూపాయలు. వచ్చిన డిస్కౌంట్ ఒక్క నెలలో పోయి, ఎదురు కట్టాల్సి వస్తుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. 'మినిమం డ్యూ', అంటే ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం, కడితే చాలనుకునే వాళ్లకు ఈ సంగతి కౌంటర్ దగ్గర ఎవరు చెబుతున్నారు?

ఏడాదికి లెక్కేస్తే ఆ వడ్డీ 45 శాతం. కార్డుల మీద 30 శాతానికి మించి వడ్డీ వేయకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వడ్డీకి అలాంటి పరిమితి లేనప్పుడు, సంతకం పెట్టే ముందు ఆలోచించుకునే సమయమే మనిషికి మిగిలిన రక్షణ. కౌంటర్ దగ్గర దొరకనిది సరిగ్గా అదే.

ఆపిన కుర్రాడి మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. చాలాచోట్ల అతను దుకాణం మనిషీ కాదు, బ్యాంకు మనిషీ కాదు, మధ్యలో ఉన్న ఏజెన్సీ మనిషి. టార్గెట్ ఉంటుంది, టీమ్ లీడర్ ఫోన్లు ఉంటాయి, ఇన్సెంటివ్ అప్లికేషన్ల మీద ఆధారపడి ఉంటుంది. రోజంతా నిలబడే ఆ పిల్లలకు, వడ్డీ సంగతి వివరంగా చెబితే కస్టమర్ వెళ్లిపోతాడన్న భయం ఉండటం సహజం. నిజం చెబితే నష్టపోయేలా జీతం పద్ధతి పెట్టినవాళ్లదే అసలు తప్పు.

అమెరికాలో ఇది ఇంకా ముదిరింది. మేసీస్ లాంటి పెద్ద దుకాణాల సంస్థల లెక్కల్లో క్రెడిట్ కార్డు ఆదాయం ఒక ప్రత్యేక పద్దు. అక్కడ చాలా దుకాణాల్లో బిల్లు వేసే క్యాషియరే కార్డు సంగతి అడగాలి. దుకాణాల పేరుతో ఇచ్చే రిటైల్ కార్డుల్లో నూటికి 90 కార్డులకు గరిష్ఠ వార్షిక వడ్డీ 30 శాతం దాటిందని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024లో చెప్పింది. క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు తీర్చిన రికార్డు, లేకుండా అక్కడికి వెళ్లే మన పిల్లలకు ఇలాంటి కార్డులే తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి, తల్లిదండ్రులు ఈ సంగతి ముందే చెప్పి పంపడం మంచిది.

మన దగ్గర నియమాలు లేకపోలేదు. అప్లికేషన్‌తో పాటు వడ్డీ, ఫీజులు రాసిన ఒక పేజీ కాగితం ఇవ్వాలి. అడగని కార్డు పంపకూడదు. ముఖ్యమైన షరతులు సరిగా చెప్పకపోతే రిజర్వ్ బ్యాంక్ ఊరుకోదని 2023 నవంబరులో బజాజ్ ఫైనాన్స్ వాయిదాల కొనుగోళ్లకు ఇచ్చే ఇన్‌స్టా ఈఎంఐ కార్డు రుణాలను ఆపినప్పుడు చూశాం. 2024 మేలో ఆ ఆంక్ష ఎత్తేశారు. అయితే ఆ కాగితం చదవడానికి క్యూలో ఎవరికి తీరిక? అందుకే కౌంటర్ దగ్గర పేరు, నంబరు తీసుకోవడం వరకే అనుమతించి, ఓటీపీతో అప్లికేషన్ పూర్తి చేయడం కనీసం ఒక రోజు తర్వాత, ఇంటి దగ్గర జరిగేలా నియమం తేవాలి. నిజంగా కార్డు కావాలనుకున్నవాళ్లకు ఒక రోజు ఆలస్యం వల్ల పోయేదేమీ లేదు.

ఇప్పటికే మాటల్లో పడి తీసుకున్నవాళ్లు బాకీ మొత్తం కట్టేసి, కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగవచ్చు. ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు చెల్లించాలి. అప్పటికీ పని కాకపోతే ముందు బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.