సవరణ: బుల్లి ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) కార్ల పోలికలో నా తప్పు

జపాన్ బొమ్మల కంపెనీ టోమీ వారి బుల్లి కారు బిట్ చార్-జీని చూసి చేసిన రెండు చవక నకలు కార్లను పోలుస్తూ, ఎర్రదాని మోటారు బలహీనమని మొన్న రాశాను. అది తప్పు. నిన్న విప్పి చూస్తే వెనక ఇరుసుకి, గేరు పక్కనే, తల వెంట్రుక బిగుసుకుపోయి ఉంది. పట్టకారుతో మెల్లగా లాగేశాక రెండూ సమానంగా పరుగెత్తాయి. విప్పకుండానే తీర్పు చెప్పినందుకు క్షమించండి.

పెద్ద పినియన్ (మోటారు కడ్డీకి ఉండే గేరు) వేస్తే పికప్ పెరుగుతుందని నేను అన్నదీ పొరపాటే. పెరిగేది గరిష్ఠ వేగం. పికప్ తగ్గుతుంది, చిన్న గదిలో పికప్పే ముఖ్యం.

ఇంకోటి: జతగా ఆడించాలంటే రెండూ ఒకే రేడియో ఫ్రీక్వెన్సీవి, అంటే రెండూ 27 మెగాహెర్ట్జ్‌వి కొనకండి. ఒకటి 49ది తీసుకోండి, లేదంటే ఒకదాని రిమోట్‌కి రెండోదీ కదులుతుంది.