అప్పు పుస్తకంలో ఆ ఇంటి పేజీ

సూళ్లూరుపేటలో నాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. దేశం కోలుకుంది, నిరుద్యోగం సగానికి తగ్గింది, జనం బాగా ఖర్చుపెడుతున్నారు అని టీవీలో రోజూ వింటున్నాను. కొంత నిజమే, కాదనను. 2020-21లో మన జీడీపీ దాదాపు 6 శాతం పడిపోయింది. షట్టర్ సగం దించుకుని సరుకులు అందించిన ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు ఎంతో నయం. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గాక ఆ దసరాకి నా కొట్లోనూ బేరం బాగానే సాగింది.

నాకు కడుపు మండేది ఉద్యోగాల లెక్క దగ్గర. ప్రభుత్వ సర్వే ప్రకారం 2017-18లో 6 శాతమున్న నిరుద్యోగం 2023-24కి 3.2 శాతానికి వచ్చింది. అందరూ చెప్పేది ఇంతవరకే. అదే సర్వేలో, పనిచేసేవాళ్లలో స్వయం ఉపాధి వాళ్లు 52 నుంచి 58 శాతానికి పెరిగారు, నెలజీతం వాళ్లు 22.8 నుంచి 21.7కి తగ్గారు. ఇంటి పొలంలోనో కొట్లోనో పైసా జీతం లేకుండా సాయం చేసేవాళ్లను కూడా స్వయం ఉపాధిలోనే కలిపేశారు. పనిచేసే ఆడవాళ్లలో మూడోవంతుకు పైగా అలాంటివాళ్లే.

మా బామ్మర్ది డిగ్రీ చదివాడు. చెన్నైలో పద్నాలుగు వేల జీతం ఉండేది, లాక్‌డౌన్‌లో పోయింది. అప్పటినుంచి మా మామగారి రెండెకరాల వరిలో ఉన్నాడు. ఆ పొలానికి మామగారు ఒక్కరే చాలు. చెప్పులు కొనుక్కోవాలన్నా వాడు నాన్నని అడగాలి. పెళ్లివాళ్లు వచ్చి అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే మా అత్తమ్మ తల వంచుకుంటుంది. సర్వే లెక్కలో మాత్రం వాడు పనిలో ఉన్నట్టే.

మరి ఫ్యాక్టరీలు రాలేదా అంటే, వచ్చాయి. పక్కనే శ్రీసిటీ. ఏసీలు, ఫోన్లు అక్కడ తయారవుతున్నాయి. తెల్లవారకముందే మెడలో ఐడీ కార్డులతో ఆడపిల్లలు కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో! మా వీధి అమ్మాయి ఒకతె అలాగే వెళ్లింది. మూడో నెల జీతం రాగానే వాళ్లమ్మ వచ్చి పాత బాకీ పూర్తిగా కట్టేసింది. ఏడేళ్లలో మొదటిసారి నా అప్పు పుస్తకంలో ఆ ఇంటి పేజీ కొట్టేశాను. దేశం కోలుకోవడం అంటే నాకు తెలిసింది అదే.

వేసవి అయిపోగానే, ఆర్డర్లు తగ్గాయి, రేపటినుంచి రావద్దు అన్నాడట కాంట్రాక్టర్. రెండు వారాల్లో ఆ పేజీ మళ్లీ తెరిచాను.

2014లో మేకిన్ ఇండియా పెట్టినప్పుడు జీడీపీలో తయారీ రంగం వాటా 25 శాతం చేస్తామన్నారు. పదేళ్లు దాటినా ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే ఉంది. ప్రోత్సాహకాల కోసం 14 రంగాలకు 1.97 లక్షల కోట్లు ప్రకటించారు. ఇవ్వండి, నేను వద్దనడం లేదు. కానీ కంపెనీ ఎంత అమ్మిందో చూసి ఇస్తున్నప్పుడు, తన సొంత ఉద్యోగులుగా ఎంతమందిని పెట్టుకుంది, కాంట్రాక్టర్ కింద ఎంతమంది ఉన్నారు అనేది కూడా చూడాలి కదా? ఫ్యాక్టరీవారీగా ఆ లెక్క జనం ముందు పెట్టాలి. మనం అడగాల్సింది ఇదే.

ఆ అమ్మాయిని మొన్న మళ్లీ పిలిచారు. బస్సుకి వెళ్తూ కొట్టు దగ్గర ఆగింది. ఈసారైనా పర్మనెంటా అమ్మా అన్నాను.

"తెలీదు అన్నా, అడిగితే తీసేస్తారేమోనని అడగలేదు" అంది.