పాతికేళ్లకే పదవీ విరమణా?

జర్మనీ దేశపు బయాథ్లాన్ (మంచులో స్కీ పరుగూ తుపాకి గురీ కలిసిన ఆట) క్రీడాకారిణి మగ్దలేనా నాయ్‌నర్ గారి మీద, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంటు పక్షాన, ఒక ఫిర్యాదు దాఖలు చేయవలసి రావడం నాకు వ్యక్తిగతంగా ఇష్టం లేదు. ఆమె మాకు చేసిన అపకారం ఏమీ లేదు, మేమెవరమో ఆమెకు తెలియదు, ఆమె పరుగులు తీసిన మంచును మాలో చాలామంది ఫ్రిజ్ పై అరలో తప్ప చూసి ఎరగరు. అయినా ఒక ఆడపిల్ల 1987 ఫిబ్రవరి 9న పుట్టి, పాతికేళ్లు నిండిన మరుసటి నెలలోనే, అంటే 2012 మార్చిలో, ప్రపంచ కప్పు మొత్తం పట్టికలో, అంటే ఆ సీజను పోటీలన్నిటి పాయింట్లూ కలిపిన జాబితాలో, మూడోసారి అగ్రస్థానంలో నిలిచి, ఆ వెంటనే ఇక చాలునని తుపాకి పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోతే, ఆ సంగతి తెలిసిన తరువాత కూడా చేతులు ముడుచుకుని కూర్చోవడం ధర్మం కాదని మా పై వాటా మామయ్యగారు తీర్మానించారు.

మామయ్యగారు నాకు బంధువు కారు. అపార్ట్‌మెంటులో అందరికీ ఆయన మామయ్యగారే, ఆయన శ్రీమతి అందరికీ అత్తయ్యగారే. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో 38 ఏళ్లు పనిచేసి, అరవయ్యో ఏట ఆఖరి పనిదినం సాయంత్రం దాకా కుర్చీ వదలక, ఆ తరువాత కూడా పెన్షను కాగితాల మిషతో మూడు నెలలపాటు ఆ కుర్చీ పక్క కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషి ఆయన. పాతికేళ్ల వయసంటే ఆయన దృష్టిలో మనిషి గ్రూప్-2 నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే వయసు. మా అన్నయ్య కూతురు సరిగ్గా ఆ వయసులోనే ఉండి, ద్వారకానగర్‌లో కోచింగు తీసుకుంటూ, మా ఇంట్లోనే ఉంటూ, ఆ ఎదురుచూపునే వృత్తిగా నిర్వహిస్తున్నది. ఒకరి వృత్తి జీవితం ఇంకా మొదలు కావలసి ఉన్న వయసులో మరొకరి వృత్తి జీవితం ముగిసిపోవడం ఏ పంచాంగానికీ పొసగని వింత కాదా?

విషయం తెలియనివారి కోసం ఆట సంగతి కొంత చెప్పక తప్పదు. కాళ్లకు పొడవాటి స్కీ పలకలు తగిలించుకుని, వీపు మీద కనీసం మూడున్నర కిలోల తుపాకి మోస్తూ, మంచులో ఎత్తుపల్లాలు ఎక్కి దిగుతూ పరుగెత్తాలి. మధ్యమధ్య ఆగి, 50 మీటర్ల అవతల వరసగా ఉన్న 5 నల్లని గుండ్రాలను పాయింట్ 22 తూటాలతో కొట్టాలి. గురి కుదిరితే నలుపు తెలుపవుతుంది. పడుకుని కాల్చేటప్పుడు లెక్కలోకి వచ్చే గుండ్రం 45 మిల్లీమీటర్లు, అంటే ఒక నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు, అంటే ఇంట్లో వత్తుకునే చిన్న పూరీ అంత. పరుగు వల్ల నిమిషానికి 180 సార్ల దాకా కొట్టుకుంటున్న గుండెను కొన్ని క్షణాల్లో బుజ్జగించి, రెండు ఊపిరుల మధ్య సందు చూసుకుని మీట నొక్కాలి. చాలా పోటీల్లో తప్పిన ప్రతి తూటాకూ 150 మీటర్ల చుట్టు ఒకటి అదనంగా తిరగాలి. 15 కిలోమీటర్ల వ్యక్తిగత పోటీలో మాత్రం తిరగడం ఉండదు, ఒక్కో తప్పుకు ఒక నిమిషం ఖాతాలో కలుపుతారు.

దూరం పేరు చెప్పి మా ఊరివాళ్లను ఎవరూ బెదిరించలేరు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసి, మర్నాడు పొద్దున్నే పప్పు రుబ్బిన అత్తయ్యగారికి 15 కిలోమీటర్లంటే సగం కూడా కాదు. తప్పుకు ప్రదక్షిణ అనే సూత్రమూ మనకు కొత్త కాదు. తేడా అల్లా ఎక్కడంటే, మనవాళ్లు పరీక్షకు ముందే 108 ప్రదక్షిణలు అడ్వాన్సుగా చెల్లించి ఉంచుకుంటారు. ఐరోపావారు తప్పు జరిగిన మరుక్షణమే, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, వేలమంది చూస్తుండగా తిరుగుతారు. సంజాయిషీ నోటీసు లేదు, విచారణ సంఘం లేదు, వాయిదా లేదు. తప్పుకూ శిక్షకూ మధ్య ఒక్క ఫైలైనా నడవని ఇటువంటి ఆటను నాగరికమైన ఆటగా గుర్తించడానికి మామయ్యగారు చాలాసేపు ఒప్పుకోలేదు. పురుషుల బయాథ్లాన్ 1960లోనే ఒలింపిక్స్‌లో చేరగా, మహిళలకు ఆ తలుపు 1992లో ఆల్బర్‌విల్‌లో తెరుచుకున్నదని నేను చెప్పాకే ఆయన మెత్తబడ్డారు. ఒక దస్త్రం 32 ఏళ్లపాటు పెండింగులో ఉన్నదంటే ఆ క్రీడను నడిపేవారు మరీ అనుభవం లేనివారు కారని ఆయన అభిప్రాయం.

ఇక నిందితురాలి సర్వీసు పుస్తకం చూద్దాం. బవేరియాలోని వాల్‌గావ్ అనే ఊళ్లో పెరిగిన ఈమె తొమ్మిదో ఏట బయాథ్లాన్‌లో చేరారు. మన పిల్లలు కూడా ఇంచుమించు ఆ వయసులోనే ఐఐటీ ఫౌండేషను తరగతుల్లో చేరతారు కనుక వయసు విషయంలో మాకు ఆక్షేపణ లేదు, చేరిన కోర్సు విషయంలోనే ఉన్నది. తరువాత ఆమె జర్మనీ కస్టమ్స్ శాఖవారి స్కీ జట్టులో ఉన్నారు. అక్కడ కస్టమ్స్, సైన్యం, పోలీసు శాఖలు మంచు ఆటల వారిని కొలువులో పెట్టుకుని పోషిస్తాయి. ఈ మాట వినగానే మామయ్యగారి ముఖం వికసించింది. పోర్టు ఏరియాలో కస్టమ్స్ హౌస్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా స్కూటరు వేగం తగ్గించే భక్తుడాయన. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం నెగ్గిన మొదటి భారత మహిళగా నిలిచినప్పుడు ఊరంతా టపాకాయలు కాలిస్తే, ఈయన మనసు మాత్రం ఆమెకు ఎఫ్‌సీఐలో ఉద్యోగమున్నదని తెలిశాకే కుదుటపడింది.

ఉద్యోగం ఖాయమని తేలిపోయాక మిగిలిన వివరాలన్నీ ఇంక్రిమెంట్ల జాబితాలాగా సాఫీగా నడిచాయి. 2007లో ఇటలీలోని ఆంథోల్జ్‌లో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే మూడు స్వర్ణాలు, మరుసటి ఏడాది 21 ఏళ్లకే ప్రపంచ కప్పు మొత్తం పట్టికలో మొదటి స్థానం, అన్నీ కలిపి ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణాలు 12. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు, ఒక రజతం. ఆ రజతం కూడా స్లొవేకియా తరఫున పరుగెత్తిన అనస్తాసియా కుజ్మినా కన్నా ఒకటిన్నర సెకను వెనకబడడం వల్ల వచ్చినది. మామయ్యగారు తల ఊపుతూ వింటున్నారు.

ఆ ఊపు ఆగినది రిలే దగ్గర. వాంకూవర్‌లో తన పతకాలు తనకు దక్కాయి కనుక, రిలే జట్టులో తన స్థానాన్ని నాయ్‌నర్ గారు సహచరి మార్టినా బెక్‌కు వదిలిపెట్టారు. ఆ జట్టుకు కంచు పతకం వచ్చింది. దీనిని త్యాగమని మెచ్చుకునేవారు ఉండవచ్చు. పరిపాలన తెలిసినవారు మాత్రం దీనిని శాఖాపరమైన దుష్ప్రవర్తన అంటారు. జాబితాలో పైన ఉన్న మనిషి, కోర్టు ఉత్తర్వైనా లేకుండా, తనకు రావలసిన స్థానాన్ని కింది మనిషికి ఇచ్చివేయడమా? ఇవాళ దీన్ని సహిస్తే, రేపు ఆర్టీసీ కాంప్లెక్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి పట్టిన సీటును కూడా లేచి ఇచ్చేయమంటారు.

రెండో అభియోగం గురికి సంబంధించినది. మంచు మీద ఆమె వేగానికి సాటి అరుదు. నిలబడి కాల్చేటప్పుడు గురి తప్పడం మాత్రం మామూలు. దాచుకునే అవకాశం కూడా లేదు, తప్పిన గుండ్రం నల్లగా అందరికీ కనపడుతూనే ఉంటుంది. ఆమె తప్పడం, చుట్లు తిరగడం, ఆ పైన తప్పు చేయనివాళ్లను దాటి ముందుకు పోవడం చాలాసార్లు జరిగింది. ఒక్క తప్పు కూడా చేయకుండా, చేయకుండా ఉండడానికి ఏ పనీ చేయకుండా, 38 ఏళ్లు గడిపిన మనిషి ఎదుట ఇటువంటి ఉదాహరణ పెట్టడం మర్యాద కాదు. ఈ సందర్భంలోనే నేను బెలారుస్‌కు చెందిన దార్యా దోమ్రాచెవా ప్రస్తావన తెచ్చి పొరపాటు చేశాను. ఆమె 2009లో ఓబర్‌హాఫ్‌లో పడుకుని కాల్చవలసిన చోట నిలబడి కాల్చడం మొదలుపెట్టి ఆ పోటీని పాడుచేసుకున్నారు, అయిదేళ్ల తరువాత సోచి ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలుచుకున్నారు. పడుకోవలసిన చోట నిలబడడం మన కార్యాలయాలలో కనీ వినీ ఎరుగని అపరాధం. నిలబడవలసిన చోట పడుకోవడం అయితే వేరు, అది ఎవరి దృష్టికీ రాదు. ఆమె భర్త, నార్వేకు చెందిన ఉలే ఐనార్ బ్యోర్న్‌దాలెన్, 44 ఏళ్లు వచ్చేదాకా ఆట వదలలేదని నేను సర్దిచెప్పగా, ఆ సంసారంలో ఒకరికైనా బాధ్యత తెలుసునని మామయ్యగారు ఊరట చెందారు.

ఆయన మెచ్చిన క్రీడాకారిణి ఒక్కరే, స్వీడన్ దేశపు మగ్దలేనా ఫోర్స్‌బెరి. 1997 నుంచి 2002 దాకా వరసగా ఆరేళ్లు ప్రపంచ కప్పు మొత్తం పట్టికలో అగ్రస్థానం ఆమెదే. ఒలింపిక్స్‌లో మాత్రం 2002లో వచ్చిన రెండు కంచు పతకాలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతా విని మామయ్యగారు, "అలా ఉండాలి. పతకాలదేముందండీ, సర్వీసు ముఖ్యం," అన్నారు.

అసలు అభియోగానికి వస్తాను. తాను తప్పుకుంటున్నానని నాయ్‌నర్ గారు 2011 డిసెంబరులో ముందుగానే ప్రకటించి, మార్చి దాకా పోటీలు పూర్తిచేశారు. మామూలు జీవితం గడపాలనిపించడం ఆమె చెప్పుకున్న కారణాల్లో ఒకటి. మామయ్యగారు వేళ్ల మీద లెక్కవేసి, మూడు నెలల నోటీసు సక్రమంగా ఉన్నదని అంగీకరించారు. అయితే స్వచ్ఛంద పదవీ విరమణకు 20 ఏళ్ల అర్హతా సర్వీసు ఉండాలి కదా. దయతలచి తొమ్మిదో ఏట నుంచి లెక్కగట్టినా 16 ఏళ్లే తేలుతున్నాయి. మరొక్క నాలుగేళ్లు ఎలాగో ఈదుకొచ్చి ఉంటే అన్నీ కలిసివచ్చేవని, చెప్పేవాళ్లు లేక పిల్ల చెడిపోయిందని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

అల్లిక సంగతి చివరిదాకా దాచిపెట్టాను. పోటీల రోజుల్లోనే ఈమె ఊలూ సూదులూ పట్టుకుని అల్లుకునేవారు. హార్ప్ కూడా వాయిస్తారు. విశాఖపట్నంలో స్వెట్టర్ అనేది ఇంటికి ఒకటి చొప్పున, అరకు ప్రయాణం కోసం కొని, తరువాత కలరా ఉండల వాసనతో బీరువాలో జీవిత ఖైదు అనుభవించే వస్త్రం. ప్రపంచ విజేత తన టోపీ తానే అల్లుకోగలదంటే మన సన్మాన సంఘాల గతి ఏమి కావాలి? అల్లిక తెలిసిన మనిషికి శాలువా కప్పితే, ఆవిడ దానిని తిరగేసి కుట్టు చూడదని పూచీ ఏమిటి? ఈ అభియోగం మీద మాత్రం మా అపార్ట్‌మెంటులో ఏకాభిప్రాయం కుదరలేదు. వంటింట్లోంచి అత్తయ్యగారు, "ఆ అమ్మాయి రెండు సూదులతో అల్లుతుందా, నాలుగుతోనా, కనుక్కో నాయనా," అని అడిగారు.

వాదన ఏకపక్షం కారాదని, ప్రతివాది స్థానంలో నిలబడి చూడడానికి ఒక ఆదివారం సాయంత్రం అందరం ఆర్కే బీచ్‌కు వెళ్లాం. తుపాకికి బదులు వీపు సంచిలో మూడున్నర కిలోల సోనా మసూరి బియ్యం తూచి వేసుకున్నాను. కాళీ గుడి దగ్గర బయలుదేరి, కురుసుర జలాంతర్గామి దాకా పోయి, ముంత మసాలా బళ్లనూ ఐస్‌క్రీము బళ్లనూ తప్పించుకుంటూ, ఉప్పుగాలిలో చొక్కా ఒంటికి అతుక్కుపోగా, తిరిగి బుడగల తుపాకి బండి దగ్గరికి చేరాను. అట్ట మీద వరసగా కట్టిన ఎర్రవీ పచ్చవీ బుడగలు గాలికి ఊగుతున్నాయి. ఐదు గుళ్లకు ఇరవై రూపాయలు. తుపాకి ఎత్తితే గొట్టం చివర నా గుండెతో పాటు లేస్తూ పడుతూ ఉంది. అరచేతి చెమటకు మడమ జారుతోంది.

"ఏటి బాబూ, ఎవులైనా తరుముతున్నారేటి? కూకోండి ముందు," అన్నాడు బండతను.

కూర్చుంటే నియమభంగమని కూర్చోలేదు. మొదటి గుండు అట్టలో దిగింది. రెండోది ఎటు పోయిందో సముద్రానికే తెలియాలి. మూడోదానికి ఒక పచ్చ బుడగ పగిలింది, నేను గురిపెట్టినది దాని పక్కనున్న ఎర్రదానికి. మిగిలిన రెండూ గాలిలో కలిశాయి. తప్పులు నాలుగని ఎవరూ అడగకుండానే మా అన్నయ్య కూతురు తేల్చేసి, "అయితే న్యాయంగా చూస్తే పచ్చ బుడగ కూడా తప్పే బాబాయ్. పోనీలే, 600 మీటర్లు తిరిగి రా," అన్నది.

నేను రెండు చుట్లు ముగించి వచ్చేసరికి ఆ పిల్ల బియ్యం సంచి తగిలించుకుని కురుసుర దాకా పోయి రావడమూ, ఐదు గుళ్లకు నాలుగు బుడగలు పగలగొట్టడమూ అయిపోయాయి. నొసట అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంటూ, తప్పిన ఆ ఒక్కదానికీ చుట్టు తిరగడానికి తనంతట తానే బయలుదేరుతున్నది. మామయ్యగారు బండి ముందుకు వంగి, గొంతు తగ్గించి అడుగుతున్నారు.

"ఇక్కడ కొట్టినదానికి సర్టిఫికెట్ లాంటిదేమైనా ఇస్తావుటయ్యా? స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది."

"సర్టిఫికెట్లేవీ నేవు బాబూ. బుడగొకటిస్తాను, ఒట్టుకెల్లండి."

మామయ్యగారు కాసేపు ఆలోచించి బుడగ పుచ్చుకున్నారు, ఆటోలో పగిలిపోకుండా ఎక్కడ పట్టుకోవాలో అతన్నే అడిగి తెలుసుకుంటున్నారు. నాకింకా రెండు చుట్లు బాకీ ఉన్నాయి.