మహారాజశ్రీ స్మార్ట్‌వాచ్ గారికి

మహారాజశ్రీ స్మార్ట్‌వాచ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నేను క్షేమం అని రాయబోయి ఆగాను. ఆ సంగతి నాకంటే తమకే బాగా తెలుసు కదా! రాత్రి రెండింటికి నా గుండె 104 కొట్టుకుందని పొద్దున్నే ఎర్ర గీత గీసి మరీ చూపించారు. ఏమీ కాలేదండీ, ఆఫీసు కలలోకి వచ్చింది.

అదే 104ను డాక్టరు గారు ఫైల్లో రాసుకుంటే వైద్య రహస్యం. అమెరికాలో అయితే 1996 నాటి హిపా చట్టం దానికి కాపలా కాస్తుంది. కానీ ఆ కాపలా ఆసుపత్రులు, బీమా కంపెనీల్లాంటి వాళ్ల దగ్గరే. నా అంతట నేను కొని కట్టుకున్న తమరు మామూలుగా ఆ లెక్కలోకి రారు. గుండె అదే, అంకె అదే. ఎవరి చేతిలో పడిందన్నదాన్ని బట్టి దాని పరువు.

యూరప్ కాస్త నయం. అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, దాని 9వ అధికరణం ఆరోగ్య సమాచారాన్ని వాడటమే నిషేధం అంటుంది. కిందనే 10 మినహాయింపులు. మొదటిది స్పష్టమైన సమ్మతి. తమర్ని డబ్బాలోంచి తీసిన రోజు, టైమ్ చూసుకోవాలన్న తొందరలో 'అంగీకరిస్తున్నాను' అని నాలుగుసార్లు నొక్కాను. ఆ నాలుగింట్లో ఒకటి ఇదే అయ్యుంటుంది.

అక్కడి న్యాయస్థానం మాత్రం గట్టిది. స్వీడన్‌లో ఒకావిడ, తనతో పనిచేసే మనిషి కాలికి దెబ్బ తగిలి సగం పూటే పనికి వస్తోందని ఇంటర్నెట్‌లో రాసింది. అదీ ఆరోగ్య సమాచారమేనని 2003లో తేల్చారు. ఆన్‌లైన్‌లో మందుల షాపు నుంచి తెప్పించుకున్న మందు, డాక్టరు చీటీ అక్కర్లేనిదైనా సరే, ఆ ఆర్డరు వివరాలూ అంతేనని 2024లో అన్నారు. మరి నా అడుగుల మాటేమిటి? రోజుకు 9,000 అడుగులేసే మనిషి వారం పాటు 300 దగ్గర ఆగిపోతే, కాలు బెణికిందని ఎవరైనా విడిగా రాయాలా?

భారత్‌లో 2011 నాటి ఐటీ నిబంధనలు ఆరోగ్య స్థితినీ, వైద్య రికార్డులనూ పాస్‌వర్డ్ పక్కన కూర్చోబెట్టి 'సున్నితం' అన్నాయి. 2023 డేటా చట్టంలో ఆ ప్రత్యేక వర్గమే లేదు. డిప్రెషన్ మాత్ర, ఇంటి పిన్‌కోడ్ ఒకే బంతిలో కూర్చున్నాయి. మనుషుల మధ్య రాని సమానత్వం డేటాలో వచ్చేసింది!

చిన్న మనవి. నా వివరాలు 'భాగస్వాములతో' పంచుకుంటామని రాశారు. నాకు జీవిత భాగస్వామి ఒక్కరే, ఆ పేరు కూడా తమ దగ్గరుంది. తమ భాగస్వాములెందరో, వాళ్ల పేర్లేమిటో...

ఈ ముక్క రాస్తుండగానే మణికట్టు మీద వణికారు. 'ఒత్తిడి పెరిగింది, ఊపిరి గట్టిగా పీల్చండి' అట. పీలుస్తున్నాను. ఈ కబురు నాకు ముందు చెప్పారా, వాళ్లకా?

ఇట్లు,
కూర్చుంటే 78,
తమరికి ఉత్తరం రాస్తుంటే 96