విశాఖలో ప్రతి వార్డుకూ ఒక నేర్పే తోట కావాలి

పోయిన వర్షాకాలంలో మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద వేసిన ఆనపపాదు పందిరంతా అల్లుకుంది. రోజూ సాయంత్రం తెల్లటి పువ్వులు విచ్చుకునేవి, మర్నాటికి వాడిపోయేవి. అడపాదడపా చిన్న పిందె కనిపించినా నాలుగు రోజుల్లో పసుపుపచ్చగా మారి రాలిపోయేది. ఎరువు చాలలేదేమోనని వర్మీకంపోస్టు వేశాను, పురుగు పట్టిందేమోనని లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె కలిపి పిచికారీ చేశాను, ఫోనులో దొరికిన వీడియోలు చెప్పినవన్నీ చేశాను. ఒక వీడియో చెప్పినదానికీ ఇంకొకటి చెప్పినదానికీ పొంతన లేదు. వాటిలో ఏ ఒక్కటీ సముద్రపు గాలి నేరుగా తగిలే విశాఖపట్నం మేడ మీద తీసినది కాదు.

ఆ చిక్కు విప్పినవారు మా కాలనీ పార్కులో పనిచేసే తోటమాలి. పనిముట్ల గది రేకుల మీదికి ఆయన సొంతంగా ఒక ఆనపపాదును పాకించుకున్నారు. దానికి నాలుగు కాయలు వేలాడుతుండడం చూసి, “బాబాయ్, మా పాదుకి ఒక్క కాయా నిలవడం లేదు, ఏం చెయ్యాలి?” అని అడిగాను. అప్పుడే పొద్దు గూకుతోంది, పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఆయన పొడుగాటి సన్నని కాడ ఉన్న పువ్వునొకదాన్ని తుంచి నా చేతిలో పెట్టి, “ఇది మగపువ్వమ్మా, దీనికెన్నాళ్లు నీళ్లు పోసినా కాయ రాదు” అన్నారు. తరువాత ఆకులు పక్కకు తప్పించి, నూగుతో మెరుస్తున్న బొటనవేలంత పిందెనూ దాని కొసన ఉన్న పువ్వునూ చూపించి, “ఇదీ ఆడది” అన్నారు. మగపువ్వు రేకలు వలిచేసి, మధ్యలో మిగిలిన పుప్పొడి భాగాన్ని ఆడపువ్వు లోపల మెల్లగా రెండుసార్లు తాకించారు. “మీ మేడ మీదకి రాత్రేళ పురుగేటీ రాదు కదా, ఆ పని మీరే చెయ్యాల” అని చెప్పి, తీగ కొస తుంచితే పక్క కొమ్మలు వస్తాయనీ, ఆడపువ్వులు ఎక్కువగా ఆ పక్క కొమ్మల మీదే పూస్తాయనీ కూడా చూపించారు. ఇదంతా పది నిమిషాలు పట్టింది. సుమారు పదిహేను రోజులకు మా మిద్దె మీద తొలి ఆనపకాయ కోశాను.

ఆయన ఆ వేళకు అక్కడ ఉండడం, నేను అటువైపు నడవడం, ఆయనకు చెప్పే ఓపిక ఉండడం, ఇవన్నీ కలిసివచ్చాయి కాబట్టి నాకు ఆ పాఠం దక్కింది. ఇన్ని లక్షల మంది ఉన్న నగరంలో మొక్కల పెంపకం నేర్చుకోవడం ఇలా కాకతాళీయంగా జరగవలసిన విషయం కాదని నా గట్టి అభిప్రాయం. మనకు పార్కులున్నాయి, వాటిని చూసి సంతోషించేవారిలో నేనూ ఉన్నాను. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కు వంటి చోట మొక్కల వైవిధ్యాన్ని పిల్లలకు చూపించవచ్చు. అయితే ఒక గృహిణి తన బచ్చలి తీగ ఆకును పట్టుకువచ్చి దీనికేమైందని అడగడానికి, ఒక తండ్రి తన కూతురితో కలిసి వంగ నారు నాటి చూడడానికి, కుండీలో మట్టి ఎలా కలపాలో చేత్తో కలిపి తెలుసుకోవడానికి, ఏడాది పొడుగునా తెరిచి ఉండే ప్రదర్శన తోట మాత్రం మా చుట్టుపక్కల ఒక్కటీ లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, టెరెల్ అనే ఊరి దగ్గర 1903లో సీమన్ నాప్ అనే వ్యవసాయవేత్త ఒక రైతు పొలంలోనే కొత్త పద్ధతులను ప్రదర్శించే ఏర్పాటు చేశారు. అందులో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఏమిటంటే, ప్రయోగం వల్ల ఆ రైతుకు నష్టం వస్తే భర్తీ చేస్తామని ఊరివారు ముందుగానే డబ్బు హామీ ఇచ్చారు. 1914లో అక్కడ వ్యవసాయ విస్తరణ సేవలకు, అంటే పరిశోధనలో తేలినదాన్ని రైతుల దగ్గరకు చేర్చే సేవలకు, చట్టమే వచ్చింది. ఆ తరువాత 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో పెరటి తోటల గురించి పట్టణవాసులు అడిగే ప్రశ్నలకు విస్తరణ సిబ్బంది జవాబు చెప్పలేక సతమతమైనప్పుడు, ఆసక్తి ఉన్న పౌరులకు శిక్షణ ఇచ్చి, దానికి బదులుగా కొన్ని గంటలు ఇతరులకు నేర్పాలనే షరతుతో మాస్టర్ గార్డెనర్ కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ప్రదర్శన తోటలు ఈనాడు అక్కడ అనేక ఊళ్లలో ఉన్నాయి.

మన దేశంలో రైతుల కోసం ఇటువంటి ఏర్పాటు ఉంది. తొలి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో ఏర్పడింది, ఆ కేంద్రాలు రైతుల పొలాల్లోనే ప్రదర్శనలు నిర్వహిస్తాయి. మన పక్కనే అనకాపల్లిలో వందేళ్లు దాటిన చెరకు పరిశోధన స్థానం ఉంది. రైతుకు కళ్లారా చూపించి నేర్పాలని వందేళ్ల కిందటే గ్రహించిన మనం, నగరంలో కుండీ పెట్టుకునే మనిషికి మాత్రం ఒక కరపత్రం ఇస్తే చాలనుకుంటున్నాం.

కరపత్రం ఎందుకు చాలదో నాకు అనుభవమే. రెండేళ్ల కిందట ఒక సంస్థ మిద్దె తోటల మీద ఉచిత శిక్షణ అని ప్రకటిస్తే ఎంతో ఆశగా వెళ్లాను. ఏసీ హాలులో మూడు గంటల పాటు తెర మీద బొమ్మలు చూపించారు, ఒక్క మొక్క గాని ఒక్క గుప్పెడు మట్టి గాని ఆ గదిలో లేదు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికీ విత్తనాల పొట్లాలు ఇచ్చారు. అది మార్చి నెల, ఆ పొట్లాలలో ఉన్నవి క్యాబేజీ, క్యాలీఫ్లవర్, క్యారట్. చలికాలంలో వేయవలసిన విత్తనాలను ఎండాకాలం ముంగిట చేతికిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నాతో పాటు వచ్చిన మా పక్క ఫ్లాటు ఆవిడ అవన్నీ చచ్చిపోయేసరికి తన హస్తవాసే మంచిది కాదని నమ్మి, తోట పని మానేశారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ మాటే. కాలం తప్పి ఇచ్చిన విత్తనం మొలవకపోతే ఆ తప్పు ఆవిడ మీద పడింది.

కళ్లెదుట ఒక తోట ఉంటే ఈ పొరపాటు జరగదు, ఎందుకంటే ఆ నెలలో ఏది మొలుస్తుందో ఆ మడే చెబుతుంది. పైగా విశాఖ మొత్తానికి ఒకే పాఠం సరిపోదు. బీచి రోడ్డు వైపు ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి, అక్కడ గంగపావిలి కూర, సపోటా, కొబ్బరి వంటి ఉప్పును ఓర్చుకునే మొక్కలను చూపించాలి. ఓడరేవుకు దగ్గరగా ఉన్న పాతపట్నం ప్రాంతంలో ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకుంటుంది, అక్కడ ఆకులు కడగడం కూడా పెంపకంలో భాగమే. కొండవాలు కాలనీల్లో ఎర్రటి గరపనేల నీటిని నిలపదు, ఎండుటాకులు కప్పితే తడి ఎన్నాళ్లు ఆగుతుందో పక్కపక్కనే రెండు మళ్లు వేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు. అందుకే నగరానికంతటికీ ఒక పెద్ద తోట కట్టి రిబ్బను కత్తిరించడం కంటే, ఇప్పటికే ఉన్న పార్కుల్లోనే వార్డుకు అయిదారు సెంట్ల చొప్పున ఒక మూల కేటాయించడం మేలని అంటున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన మర్నాడు మా వీధిలో నిలిచిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తరువాత ఎంతో మంది ఎంతో శ్రద్ధగా మొక్కలు నాటారు, అందుకు కృతజ్ఞతలు. కాని నాటిన మొక్కకు గొయ్యి ఎంత లోతు ఉండాలి, ఏ వైపు ఊతం కట్టాలి, రెండో ఏట ఏ కొమ్మ తీసేయాలి అన్నది వీధిలో ఎవరికీ తెలియదు. అది తెలిసినవారు వీధికి ఇద్దరున్నా బతికే మొక్కలు ఇంకా ఎక్కువ ఉండేవని నేను అనుకుంటున్నాను.

ఎండుటాకుల సంగతి కూడా చెప్పాలి. మా పార్కులో రోజూ పొద్దున్నే ఆకులు ఊడ్చి గోనెసంచుల్లో నింపి చెత్త బండికి ఎక్కిస్తారు. అదే కాలనీలో మేము కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు, కంపోస్టు సంచులు డబ్బు పెట్టి కొనుక్కుంటాం. ఇంటి తడిచెత్తను విడిగా ఇవ్వాలని ఘన వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి, మేమూ విడిగానే ఇస్తున్నాం, కాని ఆ తడిచెత్తనూ ఈ ఎండుటాకులనూ కలిపితే ఎరువు అవుతుందని చూపించే తొట్టె ఒక్కటీ లేదు. ఇంట్లో కంపోస్టు మొదలుపెట్టి వాసన భరించలేక వదిలేసినవారు నాకు తెలిసి అరడజను మంది ఉన్నారు. వారందరూ చేసిన పొరపాటు ఒక్కటే: కూరగాయల తొక్కలు వేశారు గాని ఎండుటాకులు వేయలేదు. కంపోస్టును చేత్తో పట్టి పిండితే నీళ్లు కారకుండా, అరచేయి మాత్రం చెమ్మగిల్లేలా ఉండాలనే కొలత ఒక్కసారి ఎవరైనా చేతిలో పెట్టి చూపిస్తే జీవితాంతం గుర్తుంటుంది.

కుటుంబాలు ఎందుకు వస్తాయి అని అడిగేవారున్నారు. మన పండుగల్లో సగం తోటలోనే ఉన్నాయి. వినాయక చవితి ముందు పూర్ణా మార్కెట్‌లో పత్రి కట్ట కొంటాం, అందులో ఇరవై ఒక్క రకాలూ ఉన్నాయో లేదో మనలో ఎంతమందికి తెలుసు? మాచిపత్రి, వాకుడు, ఉత్తరేణి, వావిలి, విష్ణుక్రాంతం, జమ్మి, మరువం, ఇవన్నీ ఒకే మడిలో పేర్ల పలకలతో పెంచి, చవితి ముందు ఆదివారం పిల్లల చేతనే కోయిస్తే అంతకు మించిన పాఠం ఏముంటుంది? రథసప్తమికి చిక్కుడుకాయల రథం, ఉగాదికి వేపపువ్వు ఏరడం, కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం, వీటిలో దేనికీ వేదికలూ మైకులూ అవసరం లేదు. మా అమ్మమ్మ కాలంలో పెరడు చేసిన పనిని అపార్ట్‌మెంట్ల కాలంలో వార్డు తోట చేయాలి.

కాయలు దొంగిలిస్తారనే అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. నేర్పే తోటలో కాయ ఎవరు కోసుకున్నా నష్టం లేదు, మొక్క మిగిలితే చాలు. వేసవిలో నీటి ఎద్దడి అసలైన చిక్కు, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మళ్లు తగ్గించి, నీడవల కింద ఆకుకూరలు మాత్రం ఉంచి, మిగిలిన నేలను ఆకులతో కప్పి మృగశిర కార్తె కోసం ఉంచాలి. చచ్చిపోయిన మొక్కను వెంటనే పీకేయకుండా ఎందుకు చచ్చిపోయిందో పక్కన రాసిపెట్టాలి. పిండినల్లి పురుగు పట్టిన మందార కొమ్మను చూసినవారు తమ ఇంటి మందారను కాపాడుకుంటారు.

అన్నిటికంటే నేను పట్టుబట్టే విషయం ఒకటుంది. ఆ తోటలో బోధించవలసినవారు ముందుగా తోటమాలులే. వారిలో చాలామంది తక్కువ జీతానికి, గుర్తింపు లేకుండా, ఊడవడానికీ నీళ్లు పట్టడానికీ మాత్రమే అన్నట్లుగా పనిచేస్తున్నారు. నాకు ఆనపపువ్వు చూపించిన పెద్దాయన నేర్పిన పాఠానికి ఏ ఉద్యోగ పత్రంలోనూ చోటు లేదు. వారానికి రెండు సాయంత్రాలు బోధన వేళలుగా నిర్ణయించి, ఆ గంటలకు విడిగా వేతనం ఇచ్చి, బోర్డు మీద వారి పేరు రాయాలి. ఉద్యాన శాఖ నిపుణులు, విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విద్యార్థులు నెలకొకసారి వచ్చి వారితో కలిసి పనిచేస్తే ఇరువురికీ లాభమే.

మా కాలనీవారం ఇరవై మూడు మందిమి సంతకాలు చేసి వార్డు సచివాలయంలో వినతిపత్రం ఇచ్చాం. పార్కు తూర్పు గోడ వెంట, బోరు పక్కన, ఇప్పుడు విరిగిన జారుడుబల్ల పడి ఉన్న రెండు సెంట్ల స్థలం అడిగాం. మొదటి ఏడాదికి నాలుగు మళ్లు, రెండు కంపోస్టు తొట్టెలు, ఒక పందిరి, కూర్చోవడానికి రెండు చాపలు చాలని రాశాం, నారు మేమే తెస్తామని కూడా రాశాం. పందిరికి ఆనపపాదు ఎవరు పెడతారో ఇప్పటికే నిర్ణయమైపోయింది, బాబాయ్ విత్తనాలకని ఒక కాయను రేకుల మీదే ముదరనిచ్చి ఎండబెట్టారు.