నమాజు కాదు, వారసత్వం చూడండి
షియా, సున్నీ ఫిఖ్‌ల (ఇస్లామీ ధర్మశాస్త్ర పద్ధతుల) మధ్య తేడా అంతా నమాజు చేసే తీరులోనే ఉందన్న వ్యాసకర్త మాట నాకు సరిగ్గా అనిపించలేదు. చేతులు కట్టుకోకుండా వదిలేసి నిలబడటం షియాలకే ప్రత్యేకం కాదు, సున్నీల్లో మాలికీ శాఖవాళ్లు కూడా చాలామంది అలాగే చేస్తారు. అసలు తేడా ఆస్తి దగ్గర తెలుస్తుంది. ఒకాయన కూతుర్ని, తమ్ముణ్ణి మాత్రమే వదిలి చనిపోతే సున్నీల్లోని హనఫీ శాఖ లెక్కలో కూతురికి సగం, మిగతా సగం తమ్ముడికి. షియాల జాఫరీ పద్ధతిలో మొత్తం కూతురిదే, బాబాయికి పైసా రాదు. మా విశాఖ వన్‌టౌన్‌లో తెలిసిన ఒక హనఫీ కుటుంబంలో ఇంటి గొడవ ఈ సగం దగ్గరే ఆగిపోయింది, బాబాయి వదులుకోడు, అమ్మాయి దగ్గర కొనేంత డబ్బు లేదు. తలాక్ కూడా అంతే, షియాల్లో ఇద్దరు సాక్షులు లేకపోతే చెల్లదు, ఆ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు.