టేపు ఎవరూ తీయరేం?

పసిబిడ్డ తల కాస్త పెద్దగా కనిపిస్తే మన విశాఖ ఇళ్లలో మురిసిపోతారు. "తాత పోలిక, మంచి బుర్ర" అంటారు. పోలికే కావచ్చు, కాదనను. కానీ అసలు చూడవలసింది తల ఎంత ఉందని కాదు, నెలనెలా ఎంత పెరుగుతోందని. అది కళ్లకు తెలియదు, టేపుకు తెలుస్తుంది. తల మరీ వేగంగా పెరుగుతుంటే మెదడులో నీరు చేరుతోందేమో (హైడ్రోసెఫలస్) చూడాలి.

గాజువాక వైపు ఒక టీకా కేంద్రంలో మా మేనకోడలి బిడ్డను తూచారు, సూది వేశారు, జ్వరం చుక్కలిచ్చి పంపేశారు. తల కొలవరా అంటే "ఏమైనా అనుమానమా?" అని ఎదురు ప్రశ్న! అనుమానం వచ్చాక కొలిస్తే పోల్చడానికి పాత కొలత ఏది? 6, 10, 14 వారాలకు బిడ్డను ఎలాగూ తీసుకెళ్తున్నాం. ఒక్క నిమిషం పని.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. మొదటి 3 నెలలు నెలకు 2 సెంటీమీటర్ల చొప్పున పెరిగి, తర్వాత నెమ్మదిస్తుంది. మెదడు గదుల్లో ఊరే నీరు ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోవాలి. ఆ దారి మూసుకుపోతే నీరు నిలిచి, ఇంకా అతుక్కోని కపాలం సాగుతుంది. నెలలు నిండకుండా పుట్టి మెదడులో రక్తస్రావమైన పిల్లలకు, మెదడుపొరల వాపు వచ్చినవారికి ముప్పు ఎక్కువ.

మాడు సంగతి చెప్పాలి. అది కొట్టుకోవడం మామూలే, ఏడ్చినప్పుడు ఉబ్బడమూ మామూలే. బిడ్డ ఊరుకున్నాక నిటారుగా ఎత్తుకుని తాకండి. అప్పుడూ బిగుసుకుని ఉబ్బెత్తుగా ఉంటే ఆలస్యం చేయకండి. నెత్తిమీద నరాలు తేలడం, నల్లగుడ్లు కిందికి దిగి పైన తెల్లగుడ్డు కనిపించడం కూడా గుర్తులే. దీనికి దిష్టి తీసే ఇళ్లున్నాయి! వాంతులు ఆగకపోయినా, పాలు మానేసి మత్తుగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ (మెదడు శస్త్రచికిత్సల) విభాగం ఉంది.

మాడు మూసుకోని బిడ్డకు అల్ట్రాసౌండ్‌తోనే లోపల చూడవచ్చు, మత్తుమందు అక్కర్లేదు. అవసరమైతే ఆ నీటిని పొట్టలోకి మళ్లించే సన్నని గొట్టం అమరుస్తారు. గొట్టం మూసుకుపోయిందంటే ఇవే గుర్తులు మళ్లీ కనిపిస్తాయి.

టీకా కేంద్రంలో అడగండి. కొలవకపోతే బట్టలు కుట్టే టేపు తీయండి. కనుబొమ్మల పైనుంచి, చెవుల మీదుగా, వెనక బాగా ఎత్తుగా ఉన్నచోటు చుట్టూ 3 సార్లు కొలిచి, పెద్ద అంకెను తేదీతో సహా టీకా కార్డు మీదే రాయండి.